క్లైవ్ ముందే రాయించిన చోట్లు

మా ఆయన క్లైవ్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కారు వెనక కారవాన్, అంటే మా చక్రాల ఇల్లు, లాగుతున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క రాత్రికి కూడా ముందుగా చోటు బుక్ చేసిన పాపాన పోలేదు. "ముందే చోటు రాయించుకోవాల్సింది ఒక్క శ్మశానంలోనే, నోలీ" అనేవాడు. మధ్యాహ్నం మూడు దాటాక రోడ్డు పక్కన ఏ చెట్టు నచ్చితే ఆ చెట్టు కిందికి తిప్పేసేవాడు. ఆ పద్ధతి పుణ్యమా అని నేను గొర్రెల లారీల పక్కన పడుకున్నాను, వరదొచ్చిన వాగు ఒడ్డున రెండు రోజులు బిస్కట్లు తిని బతికాను, ఈస్టర్ సెలవుల్లో ఊరూరా 'ఖాళీ లేదు' బోర్డులు చదువుకుంటూ తిరిగాను. బుక్ చెయ్యమని నేను, చెయ్యనని తను. మా కాపురంలో సగం మాటలు అవే.

అలాంటి మనిషి ఈ మార్చిలో వంటింటి బల్ల మీద ఒక నోటుపుస్తకం తెచ్చి పెట్టాడు. మర్రే బ్రిడ్జ్‌లో మా ఇంటి నుంచి పెర్త్ దాకా పద్నాలుగు రాత్రులు, కారవాన్లు నిలుపుకునే పద్నాలుగు పార్కులు. ప్రతిదానికీ తేదీ, చోటు నంబరు. అన్నీ బుక్ అయిపోయాయి.

"నువ్వే గెలిచావు. ముప్ఫై ఏళ్ళుగా పోరుతున్నావుగా," అన్నాడు.

ఇంకొకతైతే మెడ చుట్టూ చేతులేసి ఉండేది. నాకు అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. పులి గడ్డి మేస్తోందంటే పులికి జబ్బయినా చేసి ఉండాలి, గడ్డిలో జింకయినా దాక్కుని ఉండాలి. నేను జింకని వెతకడం మొదలుపెట్టాను.

పుస్తకం తిరగేస్తే ఒకటి తేలింది. పద్నాలుగూ సూటి చోట్లే. కారవాన్ పార్కుల్లో చోట్లు రెండు రకాలు. ఎక్కువ భాగం వెనక్కి పెట్టేవి. కారుకి తగిలించిన కారవాన్‌ని వెనక్కి తోసుకుంటూ, మూల తిప్పి, అటూ ఇటూ ఉన్నవాళ్ళ బల్లలు విరగ్గొట్టకుండా లోపల పెట్టాలి. సూటి చోటైతే ఇటు నుంచి దూరి మర్నాడు అటు నుంచి బయటపడొచ్చు. అవి తక్కువుంటాయి, వాటికోసం చేతకానివాళ్ళు ఎగబడతారు. క్లైవ్ వాళ్ళని చూసి నవ్వేవాడు. వెనక్కి పెట్టడంలో మాకు పేరుంది మరి. నేను దిగి ఎడమ పక్క వెనక మూల నిలబడతాను, తను ఎడమ అద్దంలో నన్ను చూస్తాడు. మిగతా మొగుడూ పెళ్ళాల్లా మేం అరుచుకోం. నేను చెయ్యి ఊపితే తిప్పుతాడు, చెయ్యెత్తితే ఆపుతాడు. చెయ్యెత్తాక బండి జానెడు కదిలిన రోజు లేదు.

"అన్నీ సూటివే ఎందుకు?" అని అడిగాను.

"నీకు మోకాళ్ళ నొప్పులు కదా. దిగి నిలబడే పని తప్పుతుందని."

నా మోకాళ్ళకి నొప్పి పట్టుకుని పదకొండేళ్ళయింది. ఈ మార్చి దాకా వాటి మీద లేని ప్రేమ ఎక్కడి నుంచి ఊడిపడిందో.

ఏప్రిల్ చివర బయల్దేరాం. దారి పొడుగునా తను నా వైపు చూడలేదు. ఇదివరకు ప్రతి పది నిమిషాలకీ ఇటు తిరిగి ఏదో ఒకటి వాగేవాడు, కళ్ళు రోడ్డు మీద పెట్టి చావు అని నేను తిట్టేదాన్ని. ఇప్పుడు మెడ బిగబట్టుకుని ముందుకే చూస్తున్నాడు. కూడలి వచ్చినప్పుడు మాత్రం "నీ వైపు ఖాళీయేనా?" అని అడుగుతాడు, చాలా మర్యాదగా. మొగుడికి ఉన్నట్టుండి మర్యాద వచ్చిందంటే అది ఇంట్లో నేర్చుకున్నది కాదు.

జింక పోర్ట్ అగస్టాలో కనబడింది. పేరు గ్లెనిస్. భర్త పోయాక ఒక్కతే, ఇల్లూ ఇంజనూ ఒకటైన చిన్న మోటర్‌హోమ్ వేసుకుని తిరుగుతోందిట. వెండిరంగు జుట్టు, చెవులకి ముత్యాలు. గిన్నెలు తోముకునే రేకుల షెడ్డులోకి ముత్యాలు పెట్టుకొచ్చే ఆడమనిషిని నేను నమ్మను. నేను బట్టలు ఉతుక్కుని వచ్చేసరికి వీళ్ళిద్దరూ ఆ నోటుపుస్తకం మీద తలలు వంచి ఏదో గుసగుసలాడుతున్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

"ఆవిడా పెర్త్‌కేనట," అన్నాడు క్లైవ్.

"అవును మరి. పడమరకి ఉన్నది ఒక్కటే రోడ్డాయె," అన్నాను.

మర్నాటి నుంచి పొద్దున్నే ఫోను. అది మోగగానే తను టీ కప్పు పట్టుకుని కారవాన్ వెనక్కి వెళ్ళిపోతాడు. ఎవరంటే పార్కువాళ్ళంటాడు. డబ్బు కట్టేశాక ఏ పార్కువాడూ పొద్దున్న ఏడింటికి కుశలమడగడు. మూడో రోజు తను స్నానానికి వెళ్ళినప్పుడు ఫోను తీసి చూశాను. తప్పే, ఒప్పుకుంటాను. గ్లెనిస్ పంపిన మెసేజి ఇది: 'టెర్న్ బేలో 22 నీకోసం ఉంది, చూశాను, భయం లేదు. నోలీన్‌కి ఇంకా చెప్పలేదా? ఇవాళ చెప్పెయ్యి, క్లైవ్.'

ఏం చెప్పాలిట నాకు? డెబ్బై ఒకటో ఏట, ఇంటికి ఆరు వందల కిలోమీటర్ల దూరంలో, ఒక మొగుడు పెళ్ళానికి చెప్పే మాట ఏముంటుంది? ఫోను ఉన్నచోటే పెట్టేశాను. ఆ రోజంతా కారులో తను చెబుతాడేమోనని చూశాను. డీజిల్ ధర చెప్పాడు. అంతే.

టెర్న్ బే పార్కు చేరేసరికి సాయంత్రం అయిదు కావస్తోంది. మా కారవాన్ జనానికి అయిదు గంటలంటే పూజవేళ లాంటిది. అందరూ మడతకుర్చీలు గుండ్రంగా వేసుకుని, చేతిలో బీరో వైనో పట్టుకుని, జున్నుముక్కలు నములుతూ కొత్తగా వచ్చేవాళ్ళు బండి పెట్టే తంతు చూస్తారు. పైసా ఖర్చు లేని సినిమా. ఆ గుంపులో గ్లెనిస్ ఉంది. ఆవిడ బండి 21లో ఉంది. మా 22 పక్కనే.

ఆఫీసులో అమ్మాయి కంప్యూటర్ చూసి నాలిక్కరుచుకుంది. "సారీ అండీ. పొద్దున్న ఒక పెద్ద బండివాళ్ళు వచ్చి పొరపాటున 22లో పెట్టేశారు. వాళ్ళది ఇంకెక్కడా పట్టదు. మీకు తొమ్మిది ఇస్తాను, సముద్రం కనిపిస్తుంది."

తొమ్మిది వెనక్కి పెట్టే చోటు. నాకు లోపల పండగలా ఉంది. క్లైవ్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మాకు సూటి చోటు రాసిచ్చారు. నా దగ్గర కాగితం ఉంది," అన్నాడు.

"ఉందండీ, కానీ..."

"పద నోలీ, పైఊరికి పోదాం. నూట పది కిలోమీటర్లేగా."

"కంగారూలు రోడ్డెక్కే వేళ ఇది. మతి పోయిందా?" అన్నాను. "జన్మలో బుకింగ్ మొహం చూడనివాడివి, ఒక్క నంబరు కోసం ఇంత ప్రాణం మీదికి తెచ్చుకుంటావేం? 22 పక్కన ఎవరున్నారో నేను చూడలేదనుకున్నావా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చూశాడు. "నీకేం తెలుసు?"

"తొమ్మిదిలో పెట్టు. నేను దిగుతున్నాను."

కుర్చీలన్నీ మా వైపు తిరిగాయి. నేను వెళ్ళి ఎడమ మూల నిలబడ్డాను. క్లైవ్ వెనక్కి తోశాడు, కారవాన్ కుడి పక్కకి పోయి పక్కవాళ్ళ గుడారం తాడు మీదికెక్కింది. మళ్ళీ ముందుకి. మళ్ళీ వెనక్కి. కళ్ళు మూసుకుని కూడా పెట్టగల మనిషి ఇతను.

గుంపులోంచి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన పిలిచాడు. "ఏమ్మా, రాత్రి భోజనాల లోపు అయిపోతుందా?"

"మీరు రెండో బీరు తెరవండి, తొందరేం లేదు," అన్నాను. వాళ్ళు నవ్వారు. నాకు మాత్రం మండిపోతోంది. అక్కడ పెట్టడం ఇష్టం లేక కావాలనే చేస్తున్నాడని అనుకుంటున్నాను.

మూడోసారి చక్కగా వచ్చింది. తర్వాత కొంచెం కొంచెంగా నా వైపుకి, ఆ చోటు మూలనున్న కుళాయి స్తంభం వైపుకి జరగడం మొదలెట్టింది. చెయ్యెత్తాను. ఆగలేదు. రెండు చేతులూ ఎత్తాను. ఆగలేదు. అద్దంలో తన మొహం నాకు స్పష్టంగా కనబడుతోంది. నన్నే చూస్తున్నాడు. కళ్ళార్పకుండా, ప్రశాంతంగా, నన్నే చూస్తూ నా మీదికి వస్తున్నాడు.

ఇక్కడ అబద్ధం చెప్పను. 'ఆవిడ కోసం నన్ను చంపేస్తున్నాడు' అనుకున్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళు కలిసి తిరిగిన మనిషి గురించి ఆ మాట నా మనసులోకి వచ్చింది.

వెనక్కి గెంతాను. స్తంభం వంగింది, గొట్టం విరిగింది, నీళ్ళు కారవాన్ కప్పు దాకా ఎగిరాయి. కుర్చీల్లో వాళ్ళు గ్లాసులెత్తి కేకలేశారు. బండి ఇంకా వస్తూనే ఉంది. నా వీపుకి కంచె తగిలింది. అప్పుడు గ్లెనిస్ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చి, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి దూర్చి క్లైవ్ భుజం పట్టుకుని గుంజింది.

"ఆపు క్లైవ్! నోలీన్ వెనకే ఉంది."

బండి ఆగింది.

"ఎక్కడ?" అన్నాడు క్లైవ్.

అద్దంలో ఇంకా నన్నే చూస్తున్నాడు.

కారవాన్ మెట్టు మీద ముగ్గురం కూర్చున్నాం. నేను నిలువునా తడిసి ఉన్నాను. గ్లెనిస్ నా చుట్టూ తువ్వాలు కప్పబోతే లాక్కుని నేనే కప్పుకున్నాను.

"ఫిబ్రవరిలో," అని మొదలెట్టాడు క్లైవ్, "ఒక పొద్దున్న లేచేసరికి ఎడమ పక్క అంతా పోయింది. రెండు కళ్ళకీ. చీకటి కూడా కాదు, అటు పక్క ఏమీ లేదు. టైర్ల కోసం అడిలైడ్ వెళ్తున్నానని చెప్పానే, ఆ రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. తలలో చిన్న నరం ఒకటి మూసుకుపోయిందిట. తిరిగి రాదుట."

"బండి నడపొద్దన్నారా?"

తను జేబులో తాళాలు తడుముకున్నాడు.

"క్లైవ్."

"అన్నారు."

మా దేశంలో స్టీరింగు కుడి పక్క ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్లూ నేను కూర్చున్నది ఎడమ పక్క. మూడేసి ట్రాలీలు తగిలించిన లారీలు చెవులు చిల్లులు పడేలా పక్క నుంచి పోతుంటే, నా వైపు ఏముందో తెలియకుండా నడిపాడు. అందులో నేనూ ఉన్నాను. తువ్వాలు ఇంకా దగ్గరికి లాక్కున్నాను. చలికో కోపానికో చెప్పలేను.

ఇప్పుడు గ్లెనిస్ అందుకుంది. "మా ఆయనకీ ఇదే వచ్చింది. పోర్ట్ అగస్టాలో క్లైవ్ గేటు స్తంభం గీరుకుంటూ లోపలికొచ్చాడు చూడు, అప్పుడే నాకు అర్థమైపోయింది. నీకు చెప్పమని రోజూ పోరాను. చెప్పేదాకా కనీసం నేను ముందు వెళ్ళి, గేటెక్కడుందో స్తంభమెక్కడుందో చూసి ఫోను చేస్తానన్నాను."

"స్తంభాల గురించి ఫోను చేసే బదులు నాకు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది," అన్నాను.

నా అనుమానం పోయిన చోట కోపం వచ్చి కూర్చుంది. అది అంతకంటే బరువుగా ఉంది.

"ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు," అన్నాను క్లైవ్‌తో.

"ఆవిడ తాళాలు అడగదు, నోలీ. నువ్వు అడుగుతావు. ఇంకొక్కసారి ఆ రోడ్డు మీద పోదామనుకున్నాను. పెర్త్‌లో నీకు చెబుదామనుకున్నాను, ఆఖరి రాత్రి."

"అంటే నాకు చెప్పడానికి కూడా తేదీ బుక్ చేసి పెట్టుకున్నావన్నమాట."

నవ్వబోయి ఆగిపోయాడు. నేను చెయ్యి చాపాను. తాళాలు జేబులోంచి తీశాడు కానీ నా చెయ్యి దొరకలేదు. ఒళ్ళంతా ఇటు తిప్పి, వెతికి, అరచేతిలో పెట్టాడు. చాలాసేపు వదల్లేదు. నేను లాక్కోలేదు. తనే వదిలేదాకా కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్న ఆఫీసుకి వెళ్ళాను, కుళాయి సంగతి మాట్లాడటానికి. అమ్మాయి మంచిదే, దాని గురించి పెద్దగా ఏమీ అనలేదు.

"ఇవాళ ఖాళీ చేస్తున్నారా?"

"లేదు. నాకు కారు నడపడం వచ్చు కానీ కారవాన్ లాగడం రాదు. మా ఆయన ఇక లాగడు."

"అయితే ఎన్ని రాత్రులకి రాయమంటారు?"

"రాయకు. నాకూ తెలీదు," అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే వింతగా ఉంది.

బయటికొచ్చేసరికి క్లైవ్ కారవాన్ ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతూ సముద్రం చూస్తున్నాడు. నేను నేరుగా వెళ్ళలేదు. గడ్డి మీద చప్పుడు కాకుండా చుట్టూ తిరిగి, తనకి ఎడమ పక్క చెయ్యి చాచినంత దూరంలో వెళ్ళి నిలబడ్డాను. ఇన్నేళ్ళూ అబద్ధం పట్టుకోవడానికి వెతికాను. ఆ పొద్దున్న మాత్రం తను కళ్ళ గురించి అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని నిలబడ్డాను. ఇటు తిరిగి, 'ఏంటే దొంగలా వచ్చావు' అంటే చాలు, ఆ గ్లెనిస్‌తో సహా అన్నీ క్షమించేద్దును.

టోపీ ముసలాయన పళ్ళు తోముకునే బ్రష్షుతో అటుగా పోతున్నాడు. క్లైవ్ ఆయన్ని పిలిచాడు.

"ఏమండీ, మా ఆవిడ ఆఫీసుకని వెళ్ళి చాలాసేపైంది. ఎక్కడైనా కనబడిందా?"

ముసలాయన నా మొహం చూశాడు, క్లైవ్ మొహం చూశాడు.

"వచ్చాను," అన్నాను నేను.