గుమ్మం మీది రోషం

పొద్దున్నే దుకాణం తీసి, ఊడ్చి, కుట్టుమిషనుకు నూనె వేసి, ముందురోజు తోడికోడలు వేసిన కుట్లలో వంకలు వెతకడం పెద్దామె అలవాటు. ఒక్క వంకా దొరక్కపోతే ఆ పూటంతా తలనొప్పే.

ఇద్దరూ కుట్టేది ఒకటే సరుకు. గుమ్మాల తెరలు, వాటి మీద దేవుడి హెబ్రీ పేర్లు. ఏ పేరు కడితే ఆ పేరు తన పని తాను చేసుకుపోయేది. ‘యెహోవా రాఫా’ అంటే స్వస్థపరిచేవాడు. ఆ తెర ఉన్న ఇంటికి వెళ్లినవాళ్లు తమ దగ్గును చెప్పుల పక్కన విడిచి లోపలికెళ్లేవాళ్లు. ‘షాలోమ్’ అంటే సమాధానం. ఆ గుమ్మం బయట మొగుడూపెళ్లాల పోట్లాటలు పిల్లుల్లా ముడుచుకుని పడుకునేవి.

అత్తగారు పోతూ పోతూ తన ఇత్తడి పిడి కత్తెర చిన్నామె చేతిలో పెట్టింది, పెద్దకోడలు పక్కనే ఉండగా. అప్పటినుంచి పెద్దామె కడుపులో కుంపటి ఆరలేదు. పైగా వచ్చినవాళ్లంతా చిన్నమ్మగారే కుట్టాలనడం ఒకటి, పుండు మీద కారం.

చివరికి పాస్టరుగారిని అడిగింది, గట్టి పేరేదైనా ఉందా అని. ‘ఎల్ కన్నా’ ఉందన్నాడాయన. రోషముగల దేవుడు, తనదన్నదాన్ని ఇంకొకరి పాలు చేయడు.

అచ్చం తనలాంటివాడే. చదువు అంతంతమాత్రం గనక, ఆయన రాసిచ్చిన అక్షరాల మీదే సూది నడిపి, తెర తీసుకెళ్లి దుకాణం గుమ్మానికే కట్టింది. ఇక చిన్నది ఎలా అడుగు పెడుతుందో చూద్దామని వీధిలో నిలబడింది.

చిన్నామె వచ్చింది. తెర పక్కకు తీసి, లోపలికెళ్లి కూర్చుంది. వెనకాలే పెద్దామె అడుగెత్తింది. కాలు గడప దాటలేదు. ఒక ఒరలో రెండు కత్తులు, ఒక గుమ్మంలో రెండు రోషాలు ఇమడవు మరి.

ఎండ ఎక్కింది. వచ్చేవాళ్లు ఆమెను తప్పుకుని లోపలికి పోతున్నారు. అడిగినవాళ్లకల్లా గాలి కోసం నిలబడ్డానంది. చిన్నామె మిషను ఆపింది.

“దగ్గుతో వచ్చినవాళ్లు ఏం చేస్తారక్కా? నువ్వూ నీది అక్కడ పెట్టి రా.”

“నా దగ్గరేముంది పెట్టడానికి?”

“నీకే తెలియాలి.”

పెద్దామె తెర అంచు పట్టుకుంది.

“అత్తయ్య కత్తెర నీకెందుకివ్వాలి?”

“అడిగుంటే ఇచ్చేదాన్ని కదా.”

“అడిగే రకాన్నయితే ఇంతదాకా ఎందుకొస్తుంది?”

ఆ మాటతో కాలు లోపల పడింది. చిన్నామె నవ్వలేదు. కత్తెర ఇటు జరిపి, గుడ్డ కొస అటు పట్టుకుంది.

సాయంత్రం ఇంటికి పోతూ పెద్దామె గడప పక్కన వంగి వెతికింది. ఇన్నేళ్లు పెంచుకున్నదాన్ని అంత తేలిగ్గా వదిలేసి పోతుందా? అక్కడేమీ లేదు. తెర మాత్రం పొద్దుటికన్నా బరువుగా వేలాడుతోంది. రోషంలో ఆయన ఎవరికీ వాటా ఇవ్వడు.