సిద్రాక్ మణికట్టు

అదే చేత్తో మళ్ళీ మొహం తుడుచుకుంటున్నాడు, ఛీ, ఆ రెండో చెయ్యి ఉన్నదెందుకో అనుకుంది దిమియానా, పోర్ట్ సూడాన్‌లో ఆదివారం పొద్దున్నే ఏం ఉక్క, చర్చి గేటు ముందు వరసలో సెంటు కంపూ చెమట కంపూ కలిసి ఉపవాసపు కడుపులో తిప్పుతోంది, పైగా కళ్ళెదురుగా మొగుడి మణికట్టు, తమవాళ్ళందరికీ చిన్నప్పుడే పొడిచే శిలువ పచ్చబొట్టు ఉండాల్సిన చోట నిగనిగలాడే ముడతల తోలు, ఒమ్‌దుర్మాన్‌లో వదిలొచ్చిన ఇంటి వంటింట్లో కాఫీ గింజలు వేయించే గరిటె ఎర్రగా కాల్చి తనే ఒత్తుకున్నాడు మహానుభావుడు, దారిలో తుపాకీవాళ్ళు మణికట్లు చూసి మనల్ని ఏరుతున్నారట అంటూ, ఆ కమురు వాసన నాలుగు నెలలైనా ముక్కు వదలదు, పేరు మాత్రం అగ్నిగుండంలో కాలని భక్తుడిది, సిద్రాక్ అట సిద్రాక్, ఆమె శిలువ చెక్కు చెదరలేదు, గోరింటాకు కింద దాచింది గానీ చెరుపుకుందా, దాచడం వేరు చెరపడం వేరు, అందుకే అతని పళ్ళెం వేరు చేసింది, పక్క వేరు చేసింది, వెనక నుంచి మాతిల్డా అత్త నోరు ఊరుకోదు, ఏమే అమ్మాయ్, మీ ఆయన చేతికేమైందే, నూనె పడిందా, నూనె కాదత్తా పిరికితనం పడింది అనాలనిపించి మింగేసింది.

గేటు దగ్గర బుత్రుస్ మామ, యుద్ధం మొదలయ్యాక కొత్తవాళ్ళ చేతులు చూడందే ఎవర్నీ లోపలికి వదలడు, ఏరా అబ్బాయ్, శిలువేదిరా, కాలిపోయింది మామా, కాలిందా కాల్చుకున్నావా, కాల్చుకున్నాను, హవ్వ, బొంకడమైనా చేతకాదు ఈ మనిషికి, నూనె పడిందంటే పోయేదిగా, అయితే పక్కన నిలబడు, ఫాదరు గారొచ్చి తేలుస్తారు, అనగానే వరసంతా మెడలు సాచి చూసింది, అతను కూతురు ఎరీని చెయ్యి వదిలి గోడ వారకి జరిగాడు, ఆమె తలెత్తలేదు, ఇప్పుడు నువ్వు రామ్మా, ఏదీ చెయ్యి, ఆహా, చూడండర్రా, అంత యుద్ధం దాటుకొచ్చినా చెక్కు చెదరలేదు, విశ్వాసమంటే ఇదీ, బంగారంలాంటి చెయ్యమ్మా నీది, అంటూ ముసలాయన ఆ మణికట్టు ముద్దు పెట్టుకున్నాడు.

ఒళ్ళంతా కంపరమెత్తింది, బంగారంలాంటి చెయ్యి, వద్దు, ఆ వంతెన గుర్తు రావద్దు, వచ్చేసింది, కారు ఆపిన తుపాకీవాడు, వాడి సిగరెట్టు కంపు, చెయ్యి చూపించు, సిద్రాక్ చూపించాడు, పుండింకా పచ్చి, వంటలో కాలిందేంట్రా అని ఇకిలించి, అయితే మా మతం వాడివేనని కలిమా చదువు అన్నాడు, సిద్రాక్ నోరు తెరిచాడు, మూశాడు, తోలు కాల్చుకోగలిగినవాడికి ఆ నాలుగు మాటలూ రాలేదు, తుపాకీ గొట్టం చెంపకి ఆనింది, ఎరీని బిగుసుకుపోయింది, అప్పుడు వెనక సీట్లోంచి, ఆయన పుట్టు మూగ అన్నా, మేమూ మీవాళ్ళమే, నేను చదువుతా వినండి, అని గడగడా చదివింది దిమియానాయే, బళ్ళో పక్క బల్లలవాళ్ళు రోజూ చదివితే విని నేర్చింది, ఒక్క అక్షరం తడబడలేదు, నమ్మేవాళ్ళ నోట ఆ మాటలు ప్రార్థనే, ఆమె నోట దొంగసరుకు, మాషా అల్లా అక్కా, వెళ్ళిరండి అన్నాడు వాడు, ఆమె నవ్వింది కూడా, నవ్వడమెందుకు, ప్రాణం కోసం చదివావు సరే, ఆ నవ్వెందుకే, ఆ సంగతి సిద్రాక్ ఎవరికీ చెప్పలేదు, పళ్ళెం వేరు పెట్టినా చెప్పలేదు, పిరికిపంద అన్ననాడు కూడా మరి నువ్వో అని ఒక్క మాట అనలేదు.

వెళ్ళమ్మా, వరస ఆగిపోయింది అంటున్నాడు బుత్రుస్ మామ, లోపల పాట మొదలైంది, ఇంకో అడుగు వేస్తే చాలు, ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు, ఆమె అడుగు వెనక్కి వేసి గోడ వారకి, ఆ మనిషి పక్కకి వెళ్ళి నిలబడింది, మామా, ఫాదరు గార్ని ముందు నా కోసం పిలవండి, ఈయన చెయ్యి కాల్చుకున్నాడంతే, నోటితో ప్రభువుని కాదన్నది నేను, అంది వరసంతా వినేలా, ఆ కాలిన మణికట్టు పట్టుకుంటే గరుకుగా, వెచ్చగా, మామూలు చర్మంలాగే ఉంది, కడుపులో తిప్పలేదు, ఇన్నాళ్ళూ ఆ మచ్చ కనబడ్డప్పుడల్లా తనకు రోత పుట్టించింది వంతెన మీద తను నవ్విన ఆ నవ్వేనని దిమియానాకి అప్పుడు తెలిసింది.