మూడో బుకింగ్

మధ్యాహ్నం మూడింటికి రాయచూరు బజారులోని జయరామయ్య చీరల దుకాణం ముందు ఒక్క చెప్పుల జత కూడా కనపడదు. అయినా లోపల గిరాకీ జోరుగానే ఉంటుంది. అదంతా ఫోనులో. భార్య సౌభాగ్యలక్ష్మి ఫోను పట్టుకుంటుంది, ఆయన పరుపు మీద కూర్చుని చీర విప్పి, అంచు చూపించి, నంబరు చెబుతాడు. లైవ్ చూస్తున్నవాళ్ళలో ఎవరు ముందు ఆ నంబరు కొడితే చీర వాళ్ళది. అప్పుడాయన ఆ పేరు గొంతెత్తి చదివి, "నీదే తల్లీ, అడ్రసు పంపు," అంటాడు. నలభై ఏళ్ళుగా మెట్టెక్కిన ప్రతి ఆడమనిషినీ తల్లీ అని పిలిచిన నోరు అది.

ఈ లైవ్ మొదలుపెట్టింది కూతురు సంజన. ఆయన వద్దు మొర్రో అంటుంటే వినకుండా అన్నీ నేర్పింది. నియమం కూడా ఆమెదే. "రెండుసార్లు బుక్ చేసి తీస్కోకపోతే ఓర్చుకో నాన్నా. మూడోసారి బ్లాక్ చెయ్. మొహమాటపడితే దుకాణం నడ్వది."

ఆ పిల్ల రెండేళ్ళ కిందట కిషోర్ అనే కన్నడ అబ్బాయిని పెళ్ళి చేసుకుని దేవదుర్గ వెళ్ళిపోయింది. జయరామయ్య మనసు వెన్నే కానీ పంతం మాత్రం ఉడుంపట్టు. సంజన పేరు ఈ దుకాణంలో వినపడొద్దన్నాడు, వినపడలేదు. ఆమె పెట్టిన లైవ్‌ను మాత్రం మానలేదు. కూతురి మీద కోపం గిరాకీ మీద చూపిస్తాడా ఏ వ్యాపారైనా!

రంగవ్వ అనే పేరు మొదటిసారి కనపడింది నిరుడు ఉగాది ముందు. చీర బుక్ చేసింది, అడ్రసు పంపలేదు. దసరాకు మళ్ళీ అంతే. రెండుసార్లూ ఆయన చీర మడిచి, పేరు రాసిన చీటీ గుచ్చి, రోజంతా పక్కన పెట్టాడు. ఆ తర్వాత ఆ రంగవ్వ రోజూ లైవ్‌కు రావడమే తప్ప ఏ నంబరూ కొట్టలేదు.

మొన్న సోమవారం ఎర్ర కొంగు పసుపుపచ్చ ఇల్కల్ చీర విప్పాడు. పందొమ్మిదో నంబరు. విప్పీవిప్పకముందే రంగవ్వ కొట్టేసింది. జయరామయ్యకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందమ్మా నువ్వు? మూడోసారి గిట్ల! తీస్కునేటోళ్ళకు అడ్డం వస్తవ్, నువ్వు తీస్కోవ్. నీకు పుట్టినింట్ల గింత కూడ నేర్పలేదా?"

"పోనియ్యండి, ఎవరో ఏమో," అంది సౌభాగ్యలక్ష్మి.

"నియమం నియమమే," అని ఫోను లాక్కుని, కూతురు నేర్పినట్టే వేలు నొక్కి పట్టి బ్లాక్ చేశాడు. చూసేవాళ్ళు నవ్వు బొమ్మలు పంపారు. ఆయన కూడా నవ్వాడు. చీటీ గుచ్చిన చీరను మూలకు విసిరేశాడు.

బుధవారం లైవ్ మధ్యలో ఒక యువకుడు మెట్టు కింద నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది. సౌభాగ్యలక్ష్మి గుర్తుపట్టింది.

"నేను కిషోర్ మామా," అన్నాడతను. "సంజన పొద్దున పోయింది. కాన్పు కష్టమైంది. పాప దక్కింది. పుట్టింటి చీర కప్పకుండ తీస్కపోవద్దు అన్నది మా అవ్వ. అందుకే వచ్చిన."

సౌభాగ్యలక్ష్మి చేతిలోని ఫోను జారి కింద పడింది. జయరామయ్య ఏడవలేదు. ఏడవడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు. చేతులు మాత్రం అలవాటుగా చీరల మీదికి పోయాయి.

"ఏ చీర?" అన్నాడు.

"పసుప్పచ్చ ఇల్కల్. పందొమ్మిది."

"నంబరు నీకెట్ల తెలుసు?"

"రంగవ్వ మా అవ్వ మామా. ఫోను ఆమెది. రోజూ చూసేది సంజన." కిషోర్ తల వంచుకున్నాడు. "మీరు బుక్ చేసినోళ్ళను తల్లీ అంటరు గద. అది విననీకే బుక్ చేస్తుండె. రెండు అయిపోయినయ్, ఇంకొకటే ఉంది, కాన్పుకు పోయేనాడు వాడుకుంట అని దాచిపెట్టుకుండె. సోమారం ఆస్పత్రికి పోతపోత కొట్టింది."

జయరామయ్య చాలా చిన్నగా అడిగాడు. "నేను అన్నది... విన్నదా?"

కిషోర్‌కు అబద్ధం చెప్పాలనే ఉంది. నోరు రాలేదు.

"విన్నది మామా. 'నేర్పిండు, నేనే నేర్చుకోలే' అని నవ్వింది. ఆస్పత్రికి పోయినంక గోడ దిక్కు తిరిగి పండుకుంది."

జయరామయ్య మూలకు వెళ్ళి ఆ చీర తీశాడు. రంగవ్వ అని తానే రాసిన చీటీ ఇంకా దానికే ఉంది. గుండుసూది ఊడదీసేసరికి వేలికి గుచ్చుకుంది. చీర రెండు చేతుల మీద పరిచి పట్టుకుని, రెండేళ్ళుగా ఆ దుకాణంలో వినపడని పేరును గొంతెత్తి పిలిచాడు.

"సంజనా! నీదే తల్లీ!"

కింద పడిన ఫోనులో లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరో పందొమ్మిది కొట్టారు.

ఆయన కిషోర్ వైపు తిరిగాడు. కూతురి ఇల్లు దేవదుర్గలో ఏ వీధిలో ఉందో ఆయన ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు.

"అడ్రసు చెప్పు నాయనా," అన్నాడు.