గదిలో తొమ్మిది రోజులు

ఖిదిర్‌పూర్ ఓడరేవు డాకులో ముప్పై ఏడేళ్లు బస్తాలు మోసిన గవరయ్యకు పాత రోజులు చెప్పుకోవడమంటే ప్రాణం. నేస్తం బంగారయ్యా తానూ పలాస దగ్గరి ఊరి నుంచి బయలుదేరి, ఇద్దరి బట్టలూ ఒకే గోనెసంచిలో కుక్కుకుని హౌరాలో దిగడం, డాకు గేటు ముందు వరసలో నిలబడటం, బంగారయ్య గొంతెత్తి పాడుతుంటే జట్టు మొత్తానికి బరువు తేలికైపోవడం. ఓడ ఖాళీ అయిన రోజున అందరూ గంగ ఒడ్డున చేపలు కాల్చుకు తినేవారు. ఆ జట్టులో ఇప్పుడు గవరయ్య ఒక్కడే మిగిలాడు.

ఆ కథల్లో ఆయనకు బాగా ఇష్టమైనది ఒకటుంది. ఒళ్లునొప్పులకని మొదలుపెట్టి బంగారయ్య నల్లమందుకు బానిసైతే, గవరయ్య అతణ్ణి గదిలో పెట్టి తాళం వేశాడు. తొమ్మిది రోజులు ఆ గుమ్మం దగ్గరే పడుకున్నాడు. పదో రోజు తలుపు తీస్తే బంగారయ్య కావలించుకుని ఏడ్చాడు. మళ్లీ జన్మలో ముట్టలేదు.

గవరయ్య కొడుకు ప్రసన్నకుమార్ లారీ మీంచి పడి నడుం దెబ్బ తిన్నాక, నొప్పి మాత్రలతో మొదలై బ్రౌన్ షుగర్ అనే మత్తుమందు దాకా వెళ్లాడు. గవరయ్య అతణ్ణి రెండుసార్లు ఊరవతల మత్తు మాన్పించే ఆశ్రమంలో చేర్పించాడు. అక్కడ మూడేసి నెలలు ఏ మందూ లేకుండా ఉంచి పంపారు. రెండోసారి ఇంటికొచ్చిన అయిదో రోజున ప్రసన్నకుమార్ మెటియాబ్రుజ్ ఆటోస్టాండు దగ్గర ఊపిరి అందక పడి ఉన్నాడు. మూడు నెలలు మానేసరికి ఒంటికి తట్టుకునే శక్తి పోయిందనీ, పాత మోతాదే ప్రాణం మీదికి తెచ్చిందనీ డాక్టరు చెప్పాడు.

కోడలు రోజారాణి ఇక ఆశ్రమం మాట ఎత్తనివ్వలేదు. మొగుణ్ణి ప్రభుత్వాసుపత్రిలోని మత్తు చికిత్స కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడ రోజూ పొద్దున నర్సు అతని నాలుక కింద, మత్తు తపన రాకుండా ఆపే ఒక బిళ్ల పెట్టించి, కరిగేదాకా ఎదురుగా నిలబడుతుంది. ఎనిమిది నెలలైంది. అతనిప్పుడు మెటియాబ్రుజ్‌లో ఒక దర్జీ కార్ఖానాలో ఇస్త్రీ పని చేస్తున్నాడు.

గవరయ్యకు మాత్రం ఇది మింగుడుపడలేదు.

“మత్తు మానడానికి మత్తుబిళ్లేటమ్మా? ఇది మానడం కాదు, కొట్టు మార్చడం” అన్నాడు ఒకరోజు.

“పనికెల్తన్నాడు, అన్నం తింటన్నాడు, పిల్లని బడికి దింపుతన్నాడు. ఇంకేటి కావాల మావా?” అంది రోజారాణి.

“బిళ్ల నేకుండా నిలబడాల. బంగారయ్య నిలబడనేదా?”

పక్కగదిలో ఉన్న ప్రసన్నకుమార్ ఇదంతా విన్నాడు. మర్నాటి నుంచి కేంద్రానికి వెళ్లడం మానేశాడు. మూడో రోజుకి ముక్కూ కళ్లూ కారుతూ, కాళ్లు పీకుతూ, చాప మీద మెలికలు తిరిగిపోతున్నాడు. గవరయ్య తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, “ఓర్సుకోరా నాన్నా, ఇంకో ఆరు రోజులు” అంటూ కూర్చున్నాడు.

మావగారు ఎవరి మాటైనా వింటాడంటే అది కాసులమ్మ మాటే. రోజారాణి పక్క సందులోకి పరిగెత్తింది. బంగారయ్య భార్య కాసులమ్మకు ఎనభై దాటాయి. గోడ పట్టుకుంటూ వచ్చి, చాప మీదున్నవాణ్ణి చూసి, గవరయ్య పక్కన కూలబడింది.

“అన్నా, నీకో మాట సెప్పాల. కోపం పడకు. మీ తమ్ముడు మాననేదు.”

“ఏటి?”

“గది నుంచొచ్చిన నాలుగో రోజుకే మొదలెట్టీసాడు. ఒకసారి ఎక్కువై కళ్లు తేలేసీనాడు కూడాను. అప్పట్నుంచి నాను నా దగ్గరే దాసి, పొద్దున్నే సెనగ్గింజంత ఇచ్చీదాన్ని. ఎక్కువడిగితే ఇచ్చీదాన్ని కాదు. ఇరవయ్యారేళ్లు. అలాగే పని సేసాడు, పాటలు పాడాడు, ఇద్దరు కూతుళ్లకి పెళ్లిళ్లు సేసాడు.”

బంగారయ్య పోయి పన్నెండేళ్లయింది.

“నాకెందుకు సెప్పనేదు?” అన్నాడు గవరయ్య.

“నువ్వు ఊరందరికీ సెప్పుకుని మురిసిపోతన్నావు కదేటి. ఆ మురిపెం పాడు సెయ్యొద్దన్నాడు. నాను దొంగతనంగా, బయపడతా ఇచ్చాను. మీ కుర్రోడికి డాక్టరే సూసి, నర్సు సేత ఎదురుగా ఇప్పిస్తన్నాడు. అడ్డం రాకు.”

ఆమె వెళ్లాక గవరయ్య గదిలోకి వెళ్లి కొడుకు కాళ్లు పిసికాడు. తాళం వేసి తాను గుమ్మంలో హాయిగా నిద్రపోయిన రాత్రుల్లో లోపల బంగారయ్య కూడా ఇలాగే కాళ్లు కొట్టుకుని ఉంటాడు. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

తర్వాత కొడుకు చొక్కాకి తనే బొత్తాలు పెట్టి, కేంద్రానికి తీసుకెళ్లాడు. నర్సు లోపలికి పిలిచి డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాక బిళ్ల ఇచ్చింది. గంట గడిచేసరికి కొడుక్కి కాళ్ల పీకుడు తగ్గింది. ఇది ఎన్నాళ్లు వాడాలని గవరయ్య డాక్టరును బెంగాలీలో అడిగాడు.

“కొందరికి రెండేళ్లు, కొందరికి చాలా ఏళ్లు దాదా. తొందరపడి ఆపితేనే ప్రమాదం. అతను సిద్ధమైనప్పుడు మెల్లగా తగ్గిద్దాం.”

గవరయ్యకు ఆ జవాబు పూర్తిగా నచ్చలేదు. అయినా రేపు ఎన్ని గంటలకు రావాలో అడిగాడు.

బస్టాపులో నిలబడి, “బంగారయ్య నాకు సెప్పుంటే వాణ్ణి తిట్టీవోణ్ణి గాబోలు” అన్నాడు.

“తిట్టీవోడివే నాన్నా” అన్నాడు ప్రసన్నకుమార్.

గవరయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్లు నిండాయి. మెటియాబ్రుజ్ బస్సు వచ్చింది. “జాగర్తరా, ఇస్త్రీపెట్టె వేడి సూసుకో” అంటూ కొడుకును బస్సెక్కించాడు.