సాక్సులో నాణెం

పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ వంటగదుల్లో తలదూర్చడం నా ఉద్యోగం. హోటళ్ళ ఫ్రిజ్‌లు తెరిపిస్తాను, పొయ్యి వెనక గోడకి వేలు రాసి చూస్తాను, మాంసం కోసే చెక్క వాసన చూస్తాను. నన్ను చూడగానే వంటవాళ్ళు ఒక నవ్వు నవ్వుతారు. సింకు కింద ఏదో దాచారని ఆ నవ్వులోనే తెలిసిపోతుంది. వారమంతా ఇంత జిడ్డు చూసి, ఆదివారమైనా సోఫా మీద కాళ్ళు చాపుకుందామనుకునే మనిషికి దేవుడు ఎలాంటి మొగుణ్ణివ్వాలి? నాకు మాత్రం డబ్బాలు వెతికే మొగుణ్ణిచ్చాడు.

ఆ ఆట సంగతి చెప్పాలి. పనీపాటా లేనివాళ్ళు కొందరు చిన్న చిన్న డబ్బాలు తీసుకెళ్ళి చెట్టు తొర్రల్లో, వంతెనల కింద, గోడ సందుల్లో దాచి, అవి ఎక్కడున్నాయో అక్షాంశం రేఖాంశంతో సహా ఒక సైటులో పెడతారు. పనీపాటా లేని ఇంకొందరు ఫోను పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, డబ్బా తెరిచి, లోపలి కాగితం మీద సంతకం గీకి, మళ్ళీ అక్కడే దాచి వచ్చేస్తారు. దీన్ని జియోకాషింగ్ అంటారట. మా ఆయన దీన్ని కుటుంబ వినోదం అంటాడు.

ప్రతి ఆదివారం నలుగురం బయల్దేరతాం. ముందు మా ఆయన, ఆయన వెనక పిట్ట, అందరికంటే వెనక ముక్కు మూసుకుని నేను. పిట్ట మా పదేళ్ళ అమ్మాయి. ఎంత తిన్నా ఒంటికి పట్టదని మా అత్తయ్య పెట్టిన పేరది. అత్తయ్య మాత్రం కారు దిగరు. "మీరు వెతకండి, నేను కారుకి కాపలా ఉంటా" అని వేరుశెనక్కాయల పొట్లం విప్పుకుని కూర్చుంటారు. ఇంట్లో బుద్ధున్న మనిషి ఆవిడొక్కరే అని చాలాసార్లు అనిపించింది.

ఒకసారి పబ్లిక్ టాయిలెట్ వెనక గోడలో డబ్బా దొరికింది. మూత తీస్తే తడిసి ముద్దయిన కాగితం, బూజు పట్టిన ప్లాస్టిక్ బాతు, ఎవరో చీదిన టిష్యూ, అన్నిటి మీదా ఒక నత్త తాపీగా నడిచి వెళ్ళిన జిగట. మా ఆయన అందులో చెయ్యి పెట్టి కెలికి, అదే చేత్తో పిట్టకి బిస్కెట్ అందించాడు. నేను ఆ బిస్కెట్ లాగి అవతల పారేస్తే, నన్ను ఆట చెడగొట్టే మనిషిలా చూశాడు.

ఆ కెలకడమంతా నాణేల కోసం. కొన్ని డబ్బాల్లో ట్రాకబుల్ అనే నాణేలుంటాయి. ఒక్కోదాని మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. ఎవరో ఒకరు దానికో గమ్యం పెట్టి వదులుతారు, సముద్రం చూడాలనో, ఫలానా ఊరు చేరాలనో. దొరికినవాళ్ళు దాన్ని కొంత దూరం మోసుకెళ్ళి ఇంకో డబ్బాలో వెయ్యాలి, వేసినట్టు సైటులో రాయాలి. దాన్ని ఉంచేసుకోకూడదు. నాకు తెలిసి ఈ ఆటకున్న మర్యాద ఇదొక్కటే. మా ఆయనకి ఆ ఒక్కటీ లేదు.

మొదట్లో "వచ్చేవారం వేసేద్దాంలే" అనేవాడు. తర్వాత ఆ మాట కూడా మానేశాడు. నీలం వెల్వెట్ ఆల్బం ఒకటి కొన్నాడు. అందులో రెక్కలున్న గుర్రం, దిక్సూచి, ఎర్రరాయి పొదిగిన గుడ్లగూబ, అన్నీ ఎవరివో. ఆదివారం సాయంత్రం వాటిని మెత్తటి గుడ్డతో ఒక్కోటీ తుడుస్తూ, దీపం వైపు తిప్పి చూసుకుంటూ కూర్చుంటాడు. ఇంట్లో తిన్న ప్లేటు కడగని మనిషి. ఆ తుడుపు చూస్తే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది. అడిగితే "నా దగ్గర భద్రంగా ఉన్నాయిగా" అనేవాడు.

పిట్టకి స్నేహితురాలు ఒక్కతే, ఎదురింటి రెండుజడల పిల్ల. వాళ్ళ నాన్నకి బదిలీ అయి, కొండల అవతల, రైల్లో పగలంతా పట్టే ఊరికి వెళ్ళిపోయారు. పిట్ట తిండి తగ్గించేసింది. బడి నుంచి వచ్చి ఎదురింటి తాళం చూస్తూ కిటికీ దగ్గర నిలబడేది. అప్పుడు మా ఆయన దానికి సొంతంగా ఒక నాణెం కొనిచ్చాడు. దాని మీద తాబేలు బొమ్మ. ఆ రెండుజడల పిల్ల ఇంటి పక్క పార్కులో ఒక బెంచీ కింద డబ్బా ఉందని తేలింది. తాబేలు అక్కడికి చేరాలి. పార్సిల్లో కాదు, ముక్కూమొహం తెలియని మనుషులు చేయీ చేయీ అందిస్తే చేరాలి. అది చేరితే ఎప్పటికీ స్నేహితులమేనని పిల్లలిద్దరూ ఫోనులో ఒట్టేసుకున్నారు. ఆ పిల్ల ప్రతి శనివారం బెంచీ కింద డబ్బా తెరిచి చూసుకునేది.

ఊరి చివర మైలురాయి వెనక డబ్బాలో తాబేలుని వదిలాం. కొద్దిరోజులకే ఒక టీచరమ్మ దాన్ని తీసుకెళ్తున్నానని రాసింది. తర్వాత కొండల దగ్గర చెరువు మీద పడవ నడిపే ఒక పెద్దాయన చేతికి చేరింది. ఆయన రాసే జాబుల కోసం పిట్ట ప్రాణం పెట్టేది. "నీ తాబేలు ఈ రోజు నాతో పడవెక్కింది తల్లీ, వాన పడితే నా టోపీ కింద దాక్కుంది" అని రాసేవాడు. పిట్ట ఆయనకి పడవతాత అని పేరు పెట్టి, భోజనాల దగ్గర చదివి వినిపించేది. మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టింది. మనుషుల మీద నాకున్న అభిప్రాయం కూడా కాస్త మారిందంటే నమ్మండి. వంటగదుల్లో నాకు ఎదురయ్యేవాళ్ళు వేరు, పడవల్లో ఉండేవాళ్ళు వేరు అనుకున్నాను.

ఒక శనివారం పెరటి కుళాయి దగ్గర మా ఆయన రబ్బరు బూట్లు కడగడానికి కూర్చున్నాను. ఆయన కడగడు కాబట్టి, ఆ కంపు ఇల్లంతా కొడుతోంది కాబట్టి. ఎడమ బూటులో చెయ్యి పెడితే ఉండచుట్టిన సాక్సు తగిలింది. ఎన్నాళ్ళుగా మగ్గిందో, తడిగా, జిగురుగా ఉంది. రెండు వేళ్ళతో కొస పట్టుకుని దులిపితే టంగుమని ఏదో రాయి మీద పడింది.

తాబేలు. సైటు ప్రకారం ఆ పొద్దున అది పడవలో ఉంది.

మా ఆయన్ని పెరట్లోకి పిలిచాను.

"ఏవండీ, పడవతాత మన బూట్లోకి ఎలా వచ్చాడు?"

ఆయన నాణెం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత మెల్లగా బయటపెట్టాడు. తాబేలుని వదిలిన మర్నాడే ఆఫీసుకి వెళ్తూ మైలురాయి దగ్గర ఆగి తీసేసుకున్నాడట. టీచరమ్మ ఆయనే. పడవతాత ఆయనే. ఇద్దరి పేర్లతో సైటులో ఖాతాలు తెరిచాడు. ఆల్బంలో పెడితే పిట్ట కంట పడుతుందని, ఎవరూ చెయ్యి పెట్టని చోటు వెతికి బూటులో దాచాడు.

"వచ్చే నెల ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్తున్నా. నేనే పార్కులో పెట్టేస్తా. పిల్లలు సంతోషిస్తారు. ఎవరికి నష్టం?" అన్నాడు.

"అసలు ఎందుకు తీశారు?"

"దారిలో ఎవడో నొక్కేస్తాడు. అది అక్కడితో ఆగిపోతే మన పిల్ల ఏమైపోతుంది?"

"ఎవడు నొక్కేస్తాడు?"

"నాలాంటి వాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలీదా?"

సిగ్గుపడుతూ అనలేదు. రైలు టైము చెప్పినట్టు చెప్పాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిట్టకి చెప్పొద్దని గడ్డం పట్టుకుని బతిమాలాడు. "ఆ చెయ్యి ముందు కడుక్కోండి" అన్నాను.

తాబేలుని సబ్బుతో రుద్ది, వేడినీళ్ళలో మరిగించి, తుడిచి, మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పిట్ట ప్లేటులో పెట్టాను. చెడిపోయినదాన్ని మూతపెట్టి ఉంచిన ఫ్రిజ్‌లు నా ఉద్యోగంలో చాలానే తెరిచాను. ఎంత నెమ్మదిగా తెరిచినా కంపు ఒకటే.

పిట్ట తాబేలుని తిప్పి వెనక నంబరు చూసుకుంది. తర్వాత వాళ్ళ నాన్న ముఖం చూసింది. ఆయన చెప్పాడు, మధ్యమధ్యలో నీ కోసమేనమ్మా అంటూ.

"టీచరమ్మ?" అంది పిట్ట.

"నేనే."

"పడవతాత లేడా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి నేను గుట్టుగా రాసిన జాబు? అదీ నువ్వే చదివావా?"

ఆయన తల ఇంకా కిందికి దించాడు. ఏం జాబు అని అడిగాను. పిట్ట నా వైపు చూడకుండానే చెప్పింది.

"మా నాన్న వేరేవాళ్ళ నాణేలు ఇంట్లో దాచేసుకుంటాడు తాతా, నాకు సిగ్గేస్తోంది, ఏం చెయ్యను అని రాశాను. నాన్న మీద చాడీ చెప్పానని రాశాక ఏడుపొచ్చింది."

"దానికి తాత ఏమన్నాడే?" అన్నారు అత్తయ్య.

"మీ నాన్న మంచివాడమ్మా, దాచుకోవడం కూడా ప్రేమే, ఆయన్ని ఏమీ అడక్కు అన్నాడు."

అత్తయ్య కొడుకు వైపు తిరిగారు. "ఒరే, చిన్నప్పుడు పక్కింటి పిల్లాడి గోళీలు జేబులో పెట్టుకుని, ఆ పిల్లాడితో కలిసి వెతికావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను" అని ప్లేటు పక్కకి జరిపేశారు.

పురుగు పట్టిన పిండి జల్లించి వాడటం చూశాను నేను. ఎలుక కొరికిన కేకుకి కొత్తగా క్రీము పూసి అద్దాల పెట్టెలో పెట్టడం చూశాను. ఎప్పుడూ ఇంత అసహ్యం వెయ్యలేదు. కూతురు తన మీద పెట్టుకున్న ఫిర్యాదు చదివి, తనే తాత వేషం కట్టి, తనకి తనే మంచివాడని కితాబిచ్చుకున్న మనిషి నా పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. నేను ముట్టుకోలేదు.

పిట్ట ఏడవలేదు. లోపలికెళ్ళి ఆల్బం తెచ్చి బల్ల మీద పెట్టింది. "రేపు ఇవన్నీ వేసేద్దాం" అంది. తర్వాత గదిలోకెళ్ళి తలుపేసుకుని రెండుజడల పిల్లకి ఫోను చేసింది. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడదామంది" అని మాత్రం చెప్పింది.

మర్నాడు ఊరంతా తిరిగాం. గుర్రాన్ని ఒక చోట, దిక్సూచిని ఒక చోట వేశాం. ఒక్కోటి వదిలేటప్పుడు మా ఆయన పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడు. గుడ్లగూబని డబ్బాలో వేశాక కూడా మూత మీంచి చెయ్యి తియ్యలేదు. పిట్ట ఆ చెయ్యి పక్కకి తీసి మూత నొక్కింది. జాలిపడాలేమో. నాకు రాలేదు.

చివరికి తాబేలు మిగిలింది. లారీలు ఆగే చోట రోడ్డు కింద తూము ఉంది. దాని లోపలి గోడలో డబ్బా. మూత్రం కంపు, నల్లటి నీళ్ళు, ఈగలు. పట్టపగలైనా లోపల చీకటిగా ఉంటే మా ఆయన టార్చి పట్టాడు. పిట్ట తాబేలుని డబ్బాలో పెట్టి, తన చేత్తోనే మూత బిగించింది. "ఇంతవరకూ నా తాబేలు కదల్లేదు. ఇప్పుడే బయల్దేరుతోంది" అని సైటులో రాసింది.

కారు దగ్గరికి వచ్చాక మా ఆయన ఆగిపోయాడు. టార్చి తూములోనే మర్చిపోయానని వెనక్కి వెళ్ళాడు. నేనూ పిట్టా కారెక్కాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. ఆయన టార్చి పట్టుకుని గట్టెక్కి వచ్చేసరికి పిట్ట కారు దిగి నిలబడి ఉంది.

"నాన్నా, జేబులు చూపించు."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఫ్రిజ్ తెరవండి అని నేననే గొంతు. అందులో కోపం ఉండదు, తెరిచేదాకా కదలదు అంతే. మా ఆయన నవ్వాడు, అచ్చం వంటవాళ్ళ నవ్వు. అయిపోయింది, తాబేలు ఈయన దగ్గరే ఉందనుకున్నాను.

ఆయన జేబులు బయటికి లాగి చూపించాడు. తాళంచెవి, నలిగిన టిష్యూ, ఇంకేం లేవు.

"సాక్సులు" అంది పిట్ట.

ఆయన నా వైపు చూశాడు. నేను అడ్డుపడాలని కాబోలు. నేను దిగి డిక్కీ తెరిచాను. డిక్కీ అంచు మీద కూర్చుని ఒక బూటు విప్పాడు, సాక్సు తిరగేసి దులిపాడు. రెండోదీ విప్పి దులిపాడు. లారీ వాళ్ళు గుడ్లప్పగించి చూస్తున్నారు. ఏమీ రాల్లేదు.

పిట్ట ఆయన చేతిలోంచి టార్చి తీసుకుని ఒక్కతే తూములోకి దిగింది. తిరిగొచ్చి "ఉంది" అంది. క్షమించమనలేదు. సంతోషపడలేదు. "అమ్మా, శానిటైజర్" అని నా ముందు చేతులు చాపింది. పోశాను. వేళ్ళ సందులు కూడా వదలకుండా, నేను రుద్దుకున్నట్టే రుద్దుకుంది. అది చూసి నాకు నా మీదే వెగటు పుట్టింది.

మా ఆయన ఇంకా ఉత్తికాళ్ళతో కూర్చునే ఉన్నాడు. "వచ్చేవారం ఎక్కడికెళ్దామమ్మా?" అన్నాడు.

"నేనూ అమ్మా దిగి వెతుకుతాం నాన్నా" అంది పిట్ట, "నువ్వు కార్లో ఉండు, నానమ్మకి తోడు."

కిటికీలోంచి అత్తయ్య వేరుశెనక్కాయల పొట్లం ఆయన వైపు చాపారు.