నకాటో వైపు

కిగొంగో దగ్గర మొదట ఉన్నవి లక్షా ఎనభై వేల షిల్లింగులు, ఒక పాత తారు డ్రమ్ము. డ్రమ్ము ఊరికే దొరికింది కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోలేదు.

కిటోసిలో తెల్లవారిందంటే కత్తుల చప్పుడు మొదలయ్యేది. పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి, అవి మరిగేలోపల రాత్రి ఇంట్లో మొలిచిన జమ్ము కొట్టేసుకోవాలి. కంపాలా కొండలు ఇళ్ళతో నిండిపోయాక చోటులేని జనం కిందికి దిగారు. చిత్తడిని ఎర్రమట్టితో పూడ్చి గదులు కట్టుకున్నారు. పూడ్చిన జమ్ము పూడ్చినట్టు ఉండలేదు. పగలంతా ఊరుకుని, రాత్రి సిమెంటు నేలని చీల్చుకుని మంచాల సందుల్లో, నీళ్ళ డబ్బాల పక్కన, నడుమెత్తున లేచి నిలబడేది. దాన్ని ఎవరూ వింత అనుకోలేదు. ఇల్లు ఊడ్చుకున్నట్టే కొట్టేసుకుని, మోపుగట్టి బయట పారేసేవాళ్ళు. అద్దెగది చూసుకోడానికి వచ్చినవాళ్ళు కరెంటు సంగతి అడిగాక, "జమ్ము ఏపాటి వస్తుంది?" అని అడిగేవాళ్ళు. ఇంటివాళ్ళు కొంచెం తగ్గించి చెప్పేవాళ్ళు.

కిగొంగోకి ఇరవై రెండేళ్ళు. లెక్కల్లో చురుకు. ఇంటికి అరగంట చొప్పున కిటోసి మొత్తం రోజుకి ఎంత పని జమ్ముకి ధారపోస్తోందో వేళ్ళమీద వేసి చూశాడు. కాలవకి అడ్డంపడుతున్న కవేరా, అంటే ప్లాస్టిక్ సంచులు, బస్తాకి ఎంత బరువు తూగుతాయో చూశాడు. సంచుల్ని డ్రమ్ములో కరిగించి, ఇసుక కలిపి, వేడివేడిగా నేలమీద పోస్తే జమ్ము పైకి రాదని తేలింది. మూలల్లోంచి తొంగిచూడకుండా ఆ పూతని గోడమీద కూడా మూరెడెత్తు లేపాడు. తలుపు కిందనుంచి దూరకుండా పాత టైరు కోసి పట్టీ కొట్టాడు. ఇక గదిలోకి చీమ కూడా రాలేదు.

కవేరా మీద అతనికి పగ ఉంది. కిందటి వానాకాలం అవి కాలవకి అడ్డంపడి నీళ్ళు వంతెన మీదికెక్కినప్పుడే, బడినుంచి వస్తున్న చెల్లెలు నకాటో కొట్టుకుపోయింది. కవలల్లో చిన్నది. పెద్దది బబిర్యే ఆ రోజు జలుబు చేసి ఇంట్లో ఉంది.

కవలలు చచ్చిపోయారనకూడదు. ఎగిరిపోయారనాలి. ఏడవకూడదు కూడా. కవలల్ని కన్నది గనక వాళ్ళమ్మని ఊరంతా నలొంగో అనే పిలిచేవాళ్ళు. ఆ నలొంగో ఒక్క కన్నీటిచుక్క కార్చలేదు. నకాటో ఎగిరిపోయింది, అంతే. బబిర్యేకి గిన్నెలో మటోకే, అంటే అరటికాయ ముద్ద, పెడితే నకాటో గిన్నెలోనూ పెట్టేది. బబిర్యేకి చాప పరిస్తే పక్కన నకాటో చాపా పరిచేది. ఒక కవలకి చేసింది రెండోదానికీ చెయ్యాలి.

కిటోసిలో కొత్త నేలలు ఒక్కొక్కటే పడుతున్నాయి. కాలవ నిజంగానే తేటబడింది. రేడియోవాళ్ళు వచ్చి, నగరాన్ని శుభ్రం చేస్తున్న కుర్రవాడని కిగొంగో చేత మాట్లాడించారు. అతను ఎన్ని బస్తాల కవేరా ఎత్తిందీ గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. సొంత ఇంట్లో మాత్రం అతని పప్పులు ఉడకలేదు.

"ఒక్క పూట పనమ్మా. నువ్వు పొద్దున్నే నడుం వంచక్కర్లేదు."

"నా నడుం సంగతి నీకెందుకురా. చిలగడదుంపల చెక్కు తియ్యి."

"పోనీ బబిర్యే వైపే వేస్తాను. నకాటో వైపు ముట్టుకోను."

నలొంగో చేతిలో కత్తి ఆగిపోయింది. "ఒకదానికి చేసి రెండోదానికి మానేస్తావా? ఎవరు నేర్పార్రా నీకు?"

"అయితే రెండువైపులా వేస్తాను."

"దాన్ని అడిగావా?"

"ఎవర్ని?"

"నకాటోని. దాని పడక అది. వచ్చాక అడుగు."

బబిర్యే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అన్నా, రేడియోలో అన్నీ చెప్పావుగానీ, మా అమ్మ నా మాట వినదని చెప్పలేదేం?"

నకాటో చాప ఉన్నచోట జమ్ముని నలొంగో కొట్టనిచ్చేది కాదు. పడుకునే పిల్ల మీద కత్తి ఎత్తుతారా అనేది. అది అక్కడ గుబురుకట్టి, వేళ్ళతో చాపనీ నేలనీ కలిపి అల్లేసుకుని, రేకుల కప్పుదాకా పెరిగి, కుచ్చుతలలు వంచుకుని నిలబడి ఉండేది. గది సగం అదే ఉండేది. కిగొంగో స్నేహితులు వస్తే సిగ్గుపడి బయటే కూచోబెట్టేవాడు.

నాలుగు గడపల అవతల నబ్బోసా అనే ఆమె ఉండేది. బస్టాండు దగ్గర చపాతీలు కాల్చి అమ్మేది. నాలుగేళ్ళ కూతురు ఎసేరి. జమ్ములో దోమలకి ఆ పిల్లకి మాటిమాటికీ జ్వరం. తనే వచ్చి కిగొంగోని పట్టుకుంది.

"ఏం బాబూ, పెద్దవాడివైపోయావ్. మా గది కనబడదా నీకు?"

"వరసలో ఉంది నీ గది కూడా."

"వరస తగలెయ్యా. రోజూ నా చపాతీ తింటావే, అప్పుడు వరసలో నిలబడ్డావా?"

కిగొంగో నవ్వి మర్నాడే వేశాడు. ఆ నేల మీద తీసుకున్నంత శ్రద్ధ ఇంకే నేల మీదా తీసుకోలేదు. ఎసేరి బోర్లా పడుకుని నున్నటి నేలకి చెంప ఆనించి, "వెచ్చగా ఉంది," అంది. తరవాత నబ్బోసా కళ్ళకింద నలుపు తగ్గింది. పిల్లని లోపల ఉంచి తాళం వేసుకుని పనికి పోయేది. వీధిలో బోడా మోటారుసైకిళ్ళు, కాలవ. లోపలే నయమని అందరూ చేసేదే.

వాన మధ్యాహ్నం పడింది. కొండలమీద తారురోడ్లు, సిమెంటు ముంగిళ్ళు ఒక్క చుక్క కూడా తాగకుండా మొత్తం కిందికి తోసేశాయి. కాలవ తేటగానే ఉంది. కానీ వచ్చిన నీరు పట్టేంత కాలవ కాదది. ఒకప్పుడు ఆ నీటినంతా తాగింది చిత్తడి. ఇప్పుడు దాని మీద ఇళ్ళున్నాయి.

కిగొంగో పైబజారులో బస్తాలు తూయిస్తున్నాడు. నలొంగో బొగ్గు అమ్ముతోంది. బబిర్యే జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. అది గుర్తొచ్చి అతను పరిగెత్తాడు. దిగువకి చేరేసరికి నీళ్ళు కిటికీల మీదికెక్కి, అంతలోనే తీస్తున్నాయి. జమ్ము మొలిచే ఇళ్ళలో నేలకున్న ప్రతి చీలికా గుటకలు వేస్తున్న చప్పుడు. వాకిళ్ళలో మోకాలిలోతుకి, పిక్కలోతుకి దిగిపోయింది.

దారిలో నబ్బోసా గది. తాళం వేసి ఉంది. గడప కిందనుంచి ఒక్క ధార కూడా రావడంలేదు. జమ్ము మొలిచే ఇళ్ళన్నీ బురద కక్కుతుంటే ఆ తలుపు చుక్క కారకుండా బిగుసుకుని ఉంది. కిగొంగో పరుగు ఆపకుండానే చూశాడు. టైరు పట్టీ నిలబడింది, నీళ్ళు లోపలికి పోలేదు అనుకున్నాడు. ఆ తొందరలో కూడా అతనికి సంతోషం వేసింది.

ఇంటి తలుపు తోసి చూస్తే మంచం బోర్లాపడి ఉంది. బబిర్యే లేదు. పిలిచాడు. పైనుంచి పలికింది. నకాటో వైపు గుబురు వేళ్ళతో సహా నేలనుంచి లేచి, తెప్పలా తేలి, కప్పుకిందికి చేరి, కుచ్చులు రేకులకి ఆనించుకుని నిలబడిపోయి ఉంది. నీళ్ళు తీసినా అది ఇంకా దిగలేదు. దానిమీద చాప. చాపమీద బబిర్యే ఒక పక్కకి ఒత్తిగిలి, ఇంకొకరికి చోటిచ్చినట్టు పడుకుని ఉంది.

"నీళ్ళొచ్చాయా అన్నా?" అంది నిద్రకళ్ళతో.

అతను చెల్లెల్ని దించుకుని భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. అప్పుడు వినబడింది నబ్బోసా కేక.

తాళం తీసినా తలుపు లోపలికి తెరుచుకోలేదు. ఇద్దరు మగాళ్ళు గొడ్డలితో కొట్టారు. తలుపు విరగ్గానే గదిలో ఉన్న నీరంతా ఒక్కసారి వీధిలో పడింది. కిటికీలోంచి లోపలికి దూకిన నీళ్ళు. మళ్ళీ పోవడానికి దారి లేక అక్కడే నిలిచిపోయిన నీళ్ళు. వాటితోపాటు చపాతీల పీట, పిండిడబ్బా, ఎసేరి.

కిగొంగోని ఎవరూ ఏమీ అనలేదు. వాన అన్నారు, మునిసిపాలిటీ అన్నారు, దేవుడన్నారు. ఎసేరి కవలపిల్ల కాదు కాబట్టి ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. వాళ్ళందరికన్నా గట్టిగా నలొంగో ఏడ్చింది. పట్టి ఆపబోతే చేతులు విదిలించుకుంది. అంత ఏడుపు ఆమెలో ఉందని కిగొంగోకి తెలీదు.

చీకటి పడకముందే అతను నబ్బోసా ముందు వెళ్ళి కూచున్నాడు. ఆమే మాట్లాడింది.

"చాలా గట్టి నేల వేశావు బాబూ. ఒక్క చుక్క బయటికి పోనివ్వలేదు."

ఎగతాళి లేదు ఆ మాటలో. ఉన్నా బాగుండేదనిపించింది అతనికి.

మర్నాడు ఖననం అయ్యాక కిగొంగో గునపం తీసుకుని బయల్దేరాడు. మొదట నబ్బోసా గదిలో దించాలనుకున్నాడు గునపం. ఆమె అప్పటికే తన సొంతూరికి వెళ్ళిపోయింది. ఇంటివాడు ఇంకొకరికి గది చూపిస్తున్నాడు. "జమ్ము రాదు, చూసుకోండి, రేడియోలో చెప్పిన నేల," అంటున్నాడు. కిగొంగో చేతిలో గునపం చూసి తలుపు మూసేశాడు.

ఆ పక్క గది జాజ్జా కులబాకోది. జాజ్జా అంటే అమ్మమ్మ. ఆమె ఊరందరికీ అమ్మమ్మే. కొడుకులిద్దరూ పోతే, ముగ్గురు మనవల్ని పెట్టుకుని ఉంటోంది. నిన్న నీళ్ళొచ్చినప్పుడు నలుగురూ చర్చిలో ఉన్నారు.

"జాజ్జా, నేల తవ్వేస్తాను. జరుగు."

"తవ్వుతాడట! నీ బాబు సొత్తా? కోళ్ళమ్మి వేయించుకున్నాను."

"నీ డబ్బు నీకిచ్చేస్తాను."

"నాకు డబ్బొద్దురా మనవడా. వంగలేను. ఆ జమ్ము మళ్ళీ ఎవడు కొడతాడు పొద్దున్నే? నువ్వు వస్తావా?"

"వస్తాను."

"రోజూనా?"

"రోజూ."

"అబద్ధాలకోరు! మీ అమ్మ ఇంట్లో కొట్టడానికే పొద్దున లేవవు నువ్వు." ముసలామె గడపకి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూచుంది. వెనక మనవలు నున్నటి నేలమీద సబ్బుముక్క జార్చి ఆడుతున్నారు. జారినప్పుడల్లా నవ్వుతున్నారు. "చూడు ఎంత శుభ్రంగా ఉన్నారో. వీళ్ళ ఒంటిమీద ఈ నెలలో ఒక్క దోమకాటు లేదు. నిన్నటిది ఏదో జరిగిపోయింది. ప్రతి వానా అలాగే పడుతుందా ఏమిటి?"

కిగొంగో తలెత్తి చూశాడు. సరస్సు మీద ఆకాశం మళ్ళీ నల్లబడుతోంది. గాలికి రేకులు టకటకమన్నాయి. ఇలాంటి నేలలు ఎన్ని వేశాడో, ఎవరెవరి పిల్లలు లోపల ఉండి తాళాలు పడ్డాయో, వాన అందుకునేలోపల ఎన్ని పగలగొట్టగలడో లెక్క వెయ్యబోయాడు. మొదటిసారి అతనికి లెక్క తెగలేదు.

"జాజ్జా, క్షమించు," అన్నాడు.

గడప బయట చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. "బయటికి పోండ్రా పిల్లలూ," అని, ముసలామె కాళ్ళ మీదనుంచి లోపలికి అడుగు వేశాడు.