రెండో గది పాఠం

ఆసుపత్రి వెనక భవనంలో వరండా వెంట మూడు గదులున్నాయి. సిబ్బందికి ఇంగ్లీషు నేర్పడానికి వాటిని కేటాయించారు. మొదటి గదిలో బొమ్మలు చూపించి పేర్లు పలికిస్తారు. రెండో గదిలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. మూడో స్థాయివాళ్ల కోసమున్న మూడో గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. కత్తెరక్క మొదటి గదిలో నాలుగు నెలలు కుర్చీ, బల్ల, కిటికీ అని అరిచి గొంతు బొంగురుపోయాక, ఈమధ్యే రెండో గదికి ఎక్కింది.

ఆపరేషన్ పనిముట్లు కడిగి, గుడ్డలో మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టడం ఆమె ఉద్యోగం. పందొమ్మిదేళ్లుగా అదే పని. ఒకసారి లెక్కలో ఒక కత్తెర తగ్గిందని ఆపరేషన్ గది తలుపు బాది, కుట్లు వేయబోతున్న డాక్టర్లను ఆపేసింది. అప్పటినుంచి ఆమె అందరికీ కత్తెరక్కే, అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు.

ఇప్పుడు ఆమె పనిచేసే ఆవిరి గదికి ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. రెండో స్థాయి పరీక్ష పాసైనవాళ్లకే ఇస్తామని నోటీసు పెట్టారు. తను పాసవకపోతే, ఆ పరీక్ష ముందే గట్టెక్కిన, రెండేళ్ల క్రితం వచ్చిన అమ్మాయి, మూట కట్టడం కూడా తన చేతుల మీదుగా నేర్చుకున్న అమ్మాయి, ఆ కుర్చీలో కూర్చుంటుంది. ఆ అమ్మాయి మంచిదే. అయినా సరే, ఆ మాట తలుచుకుంటేనే కత్తెరక్కకు ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది.

పరీక్ష పదిహేను రోజులుందనగా ఇంగ్లీషు మాస్టారు అందరికీ తలో జిరాక్సు కాగితం పంచాడు. "ఇంటి గురించి చెప్పమంటారు. ఇందులో పది వాక్యాలున్నాయి, బట్టీ కొట్టండి. ఒక్క ముక్క కూడా మార్చొద్దు. మారిస్తే మీరు గాడి తప్పుతారు, మిమ్మల్ని చూసి నేనూ తప్పుతాను."

బట్టీ అంటే కత్తెరక్కకు భయం లేదు. రెండొందల పనిముట్ల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. తొమ్మిది వాక్యాలు రెండు రోజుల్లో నోటికొచ్చాయి. ఏడోది మాత్రం గొంతులో అడ్డం పడేది. "మై హస్బెండ్ అండ్ ఐ వాక్ ఇన్ ద గార్డెన్ ఎవ్రీ ఈవినింగ్." నేనూ మా ఆయనా రోజూ సాయంత్రం తోటలో నడుస్తామట.

ఆయన టీవీ ముందు కూర్చుని ఉండగా, ఆమె వంటగదికీ కిటికీకీ మధ్య తిరుగుతూ ఆ వాక్యం వల్లించేది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. జీవితమంతా కూర్చునే గడిపాడు, రిటైరయ్యాక కుర్చీ ఒక్కటే మారింది. పెళ్లయిన కొత్తలో "అలా వీధి చివరిదాకా వెళ్లొద్దామా" అని ఆమె అడిగితే కాళ్లనొప్పులన్నాడు. స్నేహితులతో పేకాటకు రెండు మైళ్లు నడిచి వెళ్లేటప్పుడు ఆ నొప్పులెక్కడికి పోయేవో ఆమె ఏనాడూ అడగలేదు. కొన్నేళ్లకు పిలవడమే మానేసింది.

"ఏంటది, రోజూ అదే అంటున్నావు?" అన్నాడాయన ఒకరోజు టీవీ మీదనుంచి చూపు తిప్పకుండానే.

"పరీక్ష పాఠమండి."

"అంటే ఏంటి అర్థం?"

చెప్పడానికి నోరు తెరిచి, "ఏదో తోట గురించిలెండి" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

పనిలోనూ ఆమెకు కుదురు తప్పింది. మూటలకు అంటించే పట్టీ మీద గీతలు ఆవిరి తగిలితేనే నల్లబడతాయి. గీతలు తెల్లగా ఉంటే మూట ఎంత శుభ్రంగా కనిపించినా సంతకం పెట్టకూడదు, మళ్లీ యంత్రంలోకి పంపాల్సిందే. "జరగనిదాన్ని జరిగిందని రాసేవాళ్లకు ఈ గదిలో చోటు లేదు" అని కొత్తవాళ్లకు మొదటిరోజే గట్టిగా చెప్పేది తనే. ఇప్పుడు సంతకం పెట్టిన ప్రతిసారీ ఏడో వాక్యం గుర్తొచ్చి చేయి ఆగేది.

మాస్టారును అడిగి చూసింది. "ఆ ఒక్క వాక్యం తీసేయొచ్చా మాస్టారూ?"

"ఎందుకమ్మా, బాగానే ఉందిగా?"

"మేము నడవం మాస్టారూ."

"నడవకపోతే పరీక్షాధికారి మీ ఇంటికొచ్చి చూస్తుందా ఏంటి? చదువుకోమ్మా."

పరీక్ష రోజు వరండాలో పదిమంది వరసలో కూర్చున్నారు. కత్తెరక్కది చివరి నంబరు. తలుపు ఓరగా ఉండటంతో లోపలి మాటలు బయటికి వినబడుతున్నాయి. ఫార్మసీ ఆవిడ తన భర్తతో తోటలో నడిచింది. లాండ్రీ ఆవిడ తన భర్తతో తోటలో నడిచింది. భార్యతో ఏడేళ్లుగా కోర్టుకెక్కి ఉన్న బాయిలర్ ఆపరేటరు కూడా సాయంత్రాలు ఆవిడను తోటలో తిప్పుతున్నాడు. వరండాలో ఎవరికీ నవ్వు రాలేదు, ఎవరి తోట వాళ్లు వల్లించుకుంటున్నారు. కత్తెరక్క లేచింది, కూర్చుంది, మంచినీళ్లు తాగింది, మళ్లీ లేచింది.

లోపల పరీక్షాధికారి కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంటోంది. ఆవిడకు అప్పటికి తొమ్మిది తోటలయ్యాయి. కత్తెరక్క ఆరు వాక్యాలు తడుముకోకుండా చెప్పి, ఏడోది కూడా గబగబా దాటించేసింది. ఎనిమిదోది మొదలెట్టేలోపే ఆవిడ చెయ్యెత్తి ఆపి, ఇంగ్లీషులోనే నెమ్మదిగా, నడుస్తూ మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు కాగితంలో లేదు. మాస్టారు దగ్గరా లేదు. వాతావరణం గురించని చెప్పొచ్చు, పిల్లల గురించని చెప్పొచ్చు, ఆ మాటలు ఆమెకు వచ్చు కూడా. ఇన్‌చార్జి కుర్చీ కళ్లముందు కదిలింది. చీర కొంగు వేళ్లకు చుట్టుకుంది.

"నో వాక్ మేడమ్," అంది. అని, తనే బెదిరిపోయింది.

పరీక్షాధికారి పెన్ను కింద పెట్టింది.

"పేపర్ సే వాక్. హి నో వాక్ విత్ మీ. థర్టీ ఇయర్స్. ఐ ఆస్క్, హి సే లెగ్ పెయిన్." మొదటి గదిలో నేర్చుకున్న మాటలన్నీ ఎక్కడెక్కడినుంచో వచ్చి వరసలో నిలబడుతున్నాయి. "ఫ్రెండ్స్ కాల్, నో లెగ్ పెయిన్. ఐ సీ. ఐ నో సే. నౌ ఐ నో ఆస్క్."

తల్లికి చెప్పుకోలేదు, అక్కచెల్లెళ్లకు చెప్పలేదు, కడుపున పుట్టిన కూతురి దగ్గరా బయటపడలేదు. పరాయి భాషలో, పరాయి మనిషి ముందు, నాలుగు ముక్కల్లో వచ్చేసింది. కళ్లు తుడుచుకుని, ఇక ఇన్‌చార్జి పోస్టు పోయినట్టేనని లేచి నిలబడింది. పరీక్షాధికారి ఆమెను మళ్లీ కూర్చోమంది. ఆవిరి గది గురించి ఇంకో అయిదు నిమిషాలు ప్రశ్నలడిగి, మధ్యమధ్యలో ఏదో రాసుకుంది.

మూడు గంటలకు తలుపు మీద జాబితా అంటించారు. పాసైనవాళ్లు ఇద్దరే. అందులో రెండో పేరు చదివి ఇదెవరబ్బా అనుకుంది కత్తెరక్క. మరుక్షణంలో అది తన పేరేనని తెలిసి గోడకానుకుంది. బాయిలర్ ఆపరేటరు జాబితా మొత్తం రెండుసార్లు వెతికి, "కోర్టులో ఒకసారి, తోటలో ఒకసారి, రెండుచోట్లా మా ఆవిడే ముంచింది నన్ను" అని మూలుగుతూ వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లేసరికి ఆయన టీవీ ముందున్నాడు. "ఏమైంది పరీక్ష?"

"పాసయ్యానండి. పై నెలనుంచి ఇన్‌చార్జిని."

"ఆ తోట పాఠమే అడిగారా?"

ఆమె చెప్పులు విప్పి, వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. రెండో గదిలో కూర్చున్నట్టే కూర్చుంది. "ఆ పాఠంలో మనిద్దరం రోజూ కలిసి నడుస్తామని ఉందండి. నడుస్తూ ఏం మాట్లాడుకుంటారని ఆవిడ అడిగింది. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా మా ఆయన నాతో నడవలేదని చెప్పాను. పేకాటకు వెళ్లేటప్పుడు కాళ్లనొప్పులుండవని కూడా చెప్పాను."

ఆయన రిమోట్ తీసుకుని టీవీ గొంతు తగ్గించాడు. తర్వాత పూర్తిగా కట్టేశాడు.

"అలా చెప్తే పాస్ చేశారా?"

"చేశారండి. ఇది రెండో స్థాయే కదా, జరిగింది చెప్తే సరిపోతుంది. మూడోదాంట్లో ఎందుకలా జరిగిందో కూడా చెప్పాలట. అది నాకూ తెలీదు."

ఆయన తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు.

"మూడోది ఎప్పుడు?" అన్నాడు.

"ఆరు నెలలుందండి."